ముహూర్తపు డ్రమ్ము

జూన్ 1, గురువారం, ద్వాదశి. ఉదయం తొమ్మిది నలభైకి కొబ్బరికాయ కొట్టారు. తొమ్మిది యాభై రెండుకు బాయిలరు అంటించారు. పదకొండున్నరకు ఒక డ్రమ్ము నిండింది. బరువు రెండు వందల పన్నెండు కిలోలు. పన్నెండుకు బాయిలరు ఆపారు. అందరికీ పులిహోర, చక్కెర పొంగలి.

ఆ రోజు నా డైరీలో ఉన్నది ఇంతే. ఈ కొద్ది వాక్యాల్లో ఒక్క పొరపాటు లేదు. అయినా ఏడు వారాల తర్వాత మూడు కంటైనర్ల మామిడి గుజ్జు ఒక గల్ఫ్ రేవులో ఆగిపోవడానికి కారణం ఈ కొద్ది వాక్యాల్లోనే ఉంది. ఎగుమతి పత్రాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడపాదడపా సలహా అడుగుతుంటారు. నా దగ్గర సలహాలు తక్కువ, తేదీలు ఎక్కువ. అందుకని ఈ ఒక్క సంగతీ తేదీల వరసలోనే చెబుతాను.

చిత్తూరు నుంచి తిరుపతి వెళ్ళే దారిలో ఒక గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు పని చేసి, నిరుడు విరమించాను. నా బల్ల మీదికి పండు ఎన్నడూ రాలేదు, పండు గురించిన కాగితమే వచ్చేది. ఏ తోట కాయ ఏ రోజున కాటా ఎక్కింది, ఎన్నాళ్ళు మాగింది, ఏ రోజున గుజ్జయింది, ఏ డ్రమ్ములో ఏ కంటైనరులో మద్రాసు రేవుకు వెళ్ళింది, ఇదంతా వరసగా కాగితం మీద నిలపడం నా ఉద్యోగం. నా కాగితాల్లో తప్పు ఉండదని ఆఫీసులో ఒక పేరుండేది. ఆ పేరును నేనూ కొంచెం ఎక్కువగానే నమ్మాను.

మా ప్రాంతంలో గుజ్జుకు వెళ్ళేది బెంగుళూరా కాయ. బయటివాళ్ళు తోతాపురి అంటారు. కోసుకుని తినేవాళ్ళు దీన్ని పెద్దగా లెక్కచేయరు. దీని బతుకంతా ఫ్యాక్టరీతోనే. ఫ్యాక్టరీ తీసుకోకపోతే ఈ కాయకు వేరే గుమ్మం లేదు. ఇది గుర్తుంచుకుంటే మిగతా కథ అర్థమవుతుంది.

ఆ ముందు ఏడాది మన దేశానికీ ఆ గల్ఫ్ దేశానికీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అంతవరకూ మా గుజ్జు అక్కడి రేవు దాటాలంటే నూటికి ఐదు చొప్పున సుంకం కట్టాల్సి వచ్చేది. ఒప్పందం తర్వాత ఆ ఐదు పోయింది. ఒకటే షరతు: కాయ మన దేశంలోనే కాసిందని, గుజ్జు ఇక్కడే తీశారని రుజువు చేసే ధ్రువపత్రం సరుకు వెంట వెళ్ళాలి. మా ఆఫీసులో దాన్ని పుట్టుక కాగితం అనేవాళ్ళం. అది ఉంటే సుంకం లేదు, లేకుంటే ఉంది. వేరే దేశపు గుజ్జును మన డ్రమ్ముల్లో పోసి పంపితే రాయితీ చెల్లదు కాబట్టి, అక్కడి అధికారులకు అనుమానం వస్తే ఆపి అడిగే హక్కు కూడా ఒప్పందంలోనే ఉంది.

ఐదు శాతంలో ఏముంది అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అప్పటిదాకా సీజనుకు ఆరు కంటైనర్లు కొనే వ్యాపారి ఆ ఏడాది పదిహేను అడిగాడు. తొమ్మిది కంటైనర్లు ఎక్కువ. కంటైనరుకు ఎనభై డ్రమ్ములు, డ్రమ్ముకు రెండు వందల పదిహేను కిలోలు. తొమ్మిదింటికి నూట యాభై నాలుగు టన్నుల ఎనిమిది వందల కిలోల గుజ్జు. దానికి రెట్టింపు కాయ కావాలి. ట్రాక్టరుకు నాలుగు టన్నులంటే దాదాపు డెబ్బై ఏడున్నర ట్రాక్టర్లు. సగం ట్రాక్టరు అంటూ ఉండదు కాబట్టి డెబ్బై ఎనిమిది. కాయ ధర పెరిగిందా అంటే, పెరగలేదు. రైతు గుమ్మం దాకా ఆ ఐదులో ఏమి చేరిందో లెక్క కట్టాలని రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ తేలలేదు. కానీ గేటు దగ్గర వెనక్కి తిరిగిపోయే ట్రాక్టర్లలో డెబ్బై ఎనిమిది లోపలికి వచ్చాయి. ఒప్పందం గురించి నేను ఖాయంగా చెప్పగలిగింది అదొక్కటే.

ఇక మా ఆచారం సంగతి.

ఫ్యాక్టరీ ప్రతి ఏడూ మంచి రోజు చూసి తెరుస్తారు. ఆషాఢంలో ఏదీ మొదలుపెట్టకూడదు గనక, అంతకు ముందే పూజ అయిపోవాలి. ఆ రోజు మండీలో దొరికిన కాయ నాలుగైదు క్వింటాళ్ళు తెచ్చి, ఒక డ్రమ్ము నింపి, పసుపు కుంకుమ పెట్టి, మొదటి లాటుకు, అంటే ఒకే నంబరు కింద వెళ్ళే మూడు కంటైనర్ల డ్రమ్ములకు, కార్డు తెరుస్తారు. అసలు కాయ వచ్చాక అదే కార్డు కింద రెండు వందల నలభై డ్రమ్ములూ పూర్తి చేస్తారు. మొదటి లాటు మంచి తేదీతో బయటికి వెళ్ళాలని యజమాని నమ్మకం. అందువల్ల ఆ రెండు వందల నలభై డ్రమ్ముల మీదా తయారీ తేదీ పూజ తేదీయే పడేది. మామూలు ఏడాదిలో పూజకూ పనికీ మధ్య మూడు నాలుగు రోజులు; ఎవరి కంటికీ ఆనేది కాదు. తయారీ తేదీ ముందుకు జరిగితే సరుకు గడువు తగ్గుతుందే గానీ పెరగదు, కనుక తినేవాడికి నష్టం లేదు. ఇలా మాకు మేమే సర్ది చెప్పుకునేవాళ్ళం. ఆ కార్డును ప్రతి ఏడూ పత్రాల్లోకి ఎక్కించి సంతకం చేసింది నేను. పాతిక సార్లకు పైగా చేశాను. ఒక్కసారి కూడా అది అబద్ధమని తోచలేదు. పూజ నిజంగా జరిగింది కదా.

ఆ ఏడాది పంచాంగమూ కాపూ ఎదురెదురుగా వచ్చాయి. ఆషాఢం జూన్ మూడో వారంలోనే పడింది. పూత ఆలస్యమై కాయ వెనకబడింది. పూజ జూన్ 1న అయింది. మొదటి ట్రాక్టరు కాటా ఎక్కింది జూన్ 17, శనివారం.

ఆ ట్రాక్టరు కార్వేటినగరం వైపు నుంచి వచ్చిన ఒక రైతమ్మది. అరవై దాటిన మనిషి, మూడెకరాల తోట. భర్త పోయాక కోత, బాడుగ, గేటు దగ్గర వరస, అన్నీ ఆమే చూసుకునేది. మొదటి బరువు తెచ్చిన రైతుకు కొబ్బరికాయ, రవికె గుడ్డ ఇవ్వడం మా ఫ్యాక్టరీలో వాడుక. ఒకటో నంబరు కాటా చీటీకి మూలన పసుపు రాసి ఇస్తారు. చీటీలు రెండు ప్రతులు: తెల్లది మాకు, గులాబీ రంగుది రైతుకు. ఆమె మూడు టన్నుల ఎనిమిది వందల అరవై కిలోల చీటీని నాలుగు మడతలు పెట్టి, చిన్న సంచీలో టోకెను బిళ్ళ పక్కన దాచుకోవడం నేను చూశాను.

జూన్ 17 నుంచి 20 వరకు ఇరవై ఏడు చీటీల కాయ మాగబెట్టే గదుల్లోకి వెళ్ళింది. 22 నుంచి 24 లోపల రెండు వందల ముప్పై తొమ్మిది డ్రమ్ములు నిండాయి. పూజనాటి డ్రమ్ముతో కలిపి మొదటి లాటు పూర్తి. జూన్ 30న మూడు కంటైనర్లు మద్రాసు వెళ్ళాయి. వాటి వెంట పుట్టుక కాగితం, దానితో పాటు ఏ తోట కాయ ఏ తేదీన కొన్నామో తెలిపే జాబితా కూడా జత చేశాను. ఆ జాబితాను తప్పనిసరిగా పంపమని ఎవరూ అనలేదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పంపేవి కావు. నా పని నిండుగా ఉండాలని నేనే పంపాను.

జూలై 18, మంగళవారం, పదిన్నరకు వ్యాపారి దగ్గర నుంచి ఉత్తరం కంప్యూటరులోకి వచ్చింది. అక్కడి సుంకం అధికారి అడిగిన ప్రశ్న ఒకటే. డ్రమ్ముల మీద తయారీ తేదీ జూన్ 1. జాబితా ప్రకారం కాయ కొనడం మొదలైంది జూన్ 17. కొనని కాయ నుంచి గుజ్జు ఎలా వచ్చింది? ఇది నిరుటి సరుకా, వేరే దేశం సరుకా?

నేను ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. అధికారి మీద కోపం రాలేదు. అతని స్థానంలో నేనుంటే అదే ప్రశ్న వేసేవాడిని. పైగా ఇంకొంచెం పదునుగా వేసేవాడిని.

ఉత్తరం కింద వ్యాపారి తన మాట కలిపాడు. సోమవారం, అంటే 24వ తేదీలోగా సరైన జవాబు రాకపోతే ఈ మూడింటికీ సుంకం కడతాడు; మిగతా పన్నెండు కంటైనర్లు మాత్రం మా దగ్గర కొనడు.

యజమాని ఆ సాయంత్రమే గేటు మూయించాడు. కొనేవాడు ఖాయం కాకుండా కాయ దించుకుంటే గదుల్లో కుళ్ళిపోతుందన్నది ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. గేటు బయట మాత్రం అప్పటికే పంతొమ్మిది ట్రాక్టర్లున్నాయి. బుధవారం తెల్లారేసరికి ముప్పై నాలుగయ్యాయి. మంగళవారం సాయంత్రం గేటు పడినప్పుడు వరసలో ముందున్న బండి ఆ రైతమ్మదే. చివరి కోత. నాలుగు టన్నుల నూట ఇరవై కిలోలని దారిలో కాయ కొనే ర్యాంపులో తూకం వేయించుకుని వచ్చింది. నాలుగు రోజులు ఎండలో నిలిస్తే ఆ కాయ ఏమవుతుందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

జూలై 19, బుధవారం. ఈ రోజు గురించి రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను.

మా మేనేజరు పొద్దున్నే నన్ను పిలిచాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, చురుకైనవాడు, ఫ్యాక్టరీ మంచి కోరేవాడే. అతని ఉపాయం సులభంగా ఉంది. కరెంటు పోయినప్పుడు వాడే చేతిరాత చీటీల పుస్తకం కాటా దగ్గర ఉంటుంది. మొదటి ఇరవై ఏడు చీటీలను మే 25 నుంచి 28 లోపల తేదీలతో మళ్ళీ రాయించాలి. రైతుల దగ్గరున్న గులాబీ చీటీలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాలి. జాబితా పాతది పొరపాటున వెళ్ళిందని రాసి, కొత్తది పంపాలి. గేటు బయట ముప్పై నాలుగు బండ్లున్నాయి, వాటి ముందు తేదీలెంత అన్నాడు.

తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి పట్టిక గీశాను. మాగడానికి నాలుగు రోజులు పట్టాలి, ఆదివారం కాటా ఉండదు, ఒక్కొక్క రోజుకు తొమ్మిది చీటీలు మించకూడదు. నేను చేసిన పట్టికల్లో అంత పొందికైనది మరొకటి లేదు. సాయంత్రం నాలుగింటికి పూర్తయింది. దాన్ని పట్టుకుని కాటా గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. పదిహేనేళ్ళుగా ఆ కాటా దగ్గరే ఉన్నవాడు, పక్క ఊరివాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. పట్టిక పైనుంచి కింది దాకా చదివి, చీటీల పుస్తకం నా ముందుకు తోశాడు.

“అన్నా, ఆదివారం నేను చర్చికి పోవాల. పుస్తకం ఈడ ఉండాది, పెన్ను ఈడ ఉండాది. నువ్వే రాసుకో.”

నీ చేతిరాత కావాలి కదా అన్నాను.

“నా చేతిరాత కావాలంటే నా చెయ్యి కూడా రావాల కదన్నా. అది రానంటా ఉండాది.”

అతను నవ్వుతూనే అన్నాడు. నేను పుస్తకం తీసుకుని వెళ్ళాను గానీ ఆ సాయంత్రం ఏమీ రాయలేదు. రేపు చూద్దామనుకున్నాను. ధైర్యం చేశానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. వాయిదా వేశాను, అంతే.

జూలై 20, గురువారం, ఎనిమిదింబావుకు బస్సు దిగేసరికి గేటు దగ్గర ఆమె నా కోసమే నిలబడి ఉంది. ముందు రోజు మధ్యాహ్నం నుంచే మేనేజరు మనిషి ఒకడు రైతుల దగ్గర గులాబీ చీటీలు అడిగి తీసుకుంటున్నాడని అప్పుడే తెలిసింది. పదకొండు మంది ఇచ్చేశారు. ఈమె ఇవ్వలేదు. ఆమె పక్కన, ట్రాక్టరు నీడలో, రెండు గోతాలున్నాయి. పొద్దున్నే మెత్తబడిన కాయ ఏరి అందులో వేసింది. కాటా గుమాస్తా అడగకుండానే తూచి చెప్పాడట: ఒక క్వింటాలు పది కిలోలు.

“ఏం సార్, నా చీటీ ఎనక్కి ఇమ్మంటా ఉండారంట. చెల్లదా అది?”

చెల్లుతుందమ్మా, తేదీ మార్చి వేరేది ఇస్తారు అన్నాను.

“ఏ తేదీ ఏస్తారు?”

నా పట్టికలో ఆమెది మొదటి వరస. చూడకుండానే చెప్పగలను. మే 25 అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి మిగతా బండ్లవాళ్ళ వైపు చూసింది. “ఇన్నారా అబ్బా. మే నెలలో నేను ఈడికి కాయ తోలినానంట.” ఒకరిద్దరు నవ్వారు. మళ్ళీ నా వైపు తిరిగింది. “మే ఇరవై ఐదుకి నా తోటలో కాయకి టెంక గట్టిపడలేదు సార్. ఊరగాయకి కూడా రాదు. దాన్ని మీరు గుజ్జు ఎట్ట తీసినారు?”

ఒప్పందం గురించి, సుంకం గురించి చెప్పబోయాను. పుట్టుక కాగితం సరిగ్గా లేకపోతే అక్కడివాళ్ళు కొనరని, అప్పుడు గేటు తెరుచుకోదని వివరించాను. ఆమె చివరిదాకా విన్నది.

“ఒప్పందాలు మాకు తెలీనివా సార్. పామాయిలు అట్టనే కదా వచ్చింది. మా చెనక్కాయ నూనెని అడిగేవాడు లేకపోతే సేను మానేసి మామిడి పెట్టినాము. ఇప్పుడు మామిడికీ అదే కాగితం అంటా ఉండారు. సరే, ఉండనీ. ఆ కాగితంలో కాయ మా దేశంలో కాసినాదా అని కదా అడిగేది? కాసినాదనేదానికి సాక్ష్యం నా చేతిలో ఉంటే, దాన్ని పీక్కోని అబద్దం రాస్తామంటారు. ఇదేం తెలివి?”

ఆమె సంచీలోంచి చీటీ తీసి మడతలు విప్పింది. మూలన పసుపు ఇంకా ఉంది. ఒకటో నంబరు, జూన్ 17, మూడు టన్నుల ఎనిమిది వందల అరవై. నా చేతికి ఇవ్వలేదు. చూపించి మళ్ళీ మడిచింది.

ఇరవై ఏడేళ్ళుగా నేను చేసిన ఉద్యోగాన్ని ఆమె రెండు నిమిషాల్లో నాకు చెప్పింది. కాయ జూన్ 17న వచ్చిందన్నది నిజం, దానికి ఇరవై ఏడు సాక్ష్యాలున్నాయి. నిజం కానిది డ్రమ్ము మీది తేదీ ఒక్కటే. మేము ఒక్క అబద్ధాన్ని కాపాడటానికి ఇరవై ఏడు నిజాలను చెరపబోయాం.

తొమ్మిదింటికి యజమాని గదిలోకి వెళ్ళాను. మేనేజరు అక్కడే ఉన్నాడు. పట్టికను బల్ల మీద పెట్టి, ఇది నేను నిన్న గీశాను, పంపను అన్నాను. డ్రమ్ముల మీద ఉన్నది పూజ తేదీ, పని తేదీ కాదు, ఈ మాటే రాసి పంపుదామన్నాను. మేనేజరుకు అది నచ్చలేదు. పంచాంగం చూసి తేదీలు వేసే ఫ్యాక్టరీ అని నవ్వుతారు, నవ్వాక కొనరు అన్నాడు. యజమాని మాత్రం వేరేచోట నొచ్చుకున్నాడు.

“అయితే నేను పూజ చేసిందే తప్పంటావా అప్పా?”

“పూజ తప్పు కాదయ్యా. ఆ తేదీని డ్రమ్ములకు వేసింది తప్పు. ప్రతి ఏడూ దాన్ని కాగితం మీదికి ఎక్కించింది నేను.”

ఆయన పట్టికను పక్కకు జరిపాడు. తర్వాత, నేను ఎదురుచూడని ప్రశ్న వేశాడు. “పూజనాటి డ్రమ్ములో కాయ యాడిది?”

మండీలో కొన్నదని, చీటీ లేదని, ఏ తోటదో చెప్పలేమని అన్నాను. అంటే ఆ ఒక్క డ్రమ్ము పుట్టుక మేము రుజువు చేయలేము. అది ఉన్న కంటైనరుకు రాయితీ పోవచ్చు.

“అది కూడా రాయి. సగం నిజం రాస్తే ఇంకో ప్రశ్న ఏస్తారు. రాసేదంతా రాయి.” లేచి వెళ్ళబోతూ ఆగాడు. “సంతకం మాత్రం నీదే ఉండాల.”

ఆ చివరి మాట విన్నప్పుడు నాకు మొదట భయం వేసింది. తర్వాత న్యాయంగానే తోచింది.

ఉత్తరం ఒకటిన్నర పేజీ. మా ప్రాంతంలో పని మొదలుపెట్టే ముందు మంచి రోజు చూస్తారని, ఆ రోజున ఒక డ్రమ్ము నింపి లాటు తెరిచామని, దాని తేదీని మిగతా డ్రమ్ములకూ వేయడం మా తప్పని రాశాను. ముహూర్తం అన్న మాటకు ఇంగ్లీషులో నాలుగు పదాలు రాసి కొట్టేసి, చివరికి ‘పని ప్రారంభానికి ఎంచుకున్న రోజు’ అని మాత్రం ఉంచాను. జతగా బాయిలరు రిజిస్టరు పెట్టాను: జూన్ 1న రెండు గంటల ఎనిమిది నిమిషాలు మండింది, మళ్ళీ 22 దాకా మండలేదు. ఆవిరి లేకుండా గుజ్జు ఉడకదు కనుక అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. మాగబెట్టే గదుల రిజిస్టరు, ఇరవై ఏడు చీటీలు, నా డైరీలో జూన్ 1 పేజీ కూడా పెట్టాను. మేనేజరు మనిషి పోగుచేసిన పదకొండు గులాబీ చీటీలు కాటా గుమాస్తా ఎవరివి వారికి తిరిగి ఇచ్చాడు. రైతమ్మ తన చీటీని నకలు తీసుకోనిచ్చింది, కానీ నకలు తీసే మరదాకా తనే వచ్చి, తీసేదాకా పక్కనే నిలబడింది. సాయంత్రం నాలుగూ పదికి ఉత్తరం పంపాను.

శుక్రవారం జవాబు లేదు. ఆమె ఏరిన కాయ రెండు క్వింటాళ్ళ ముప్పై కిలోలు.

జూలై 22, శనివారం, పదింటికి వ్యాపారి మనిషి ఫోన్ చేశాడు. కేరళ అతను, పాతికేళ్ళుగా అక్కడే. ముహూర్తం సంగతి అతనికి వివరించాల్సిన పని పడలేదు. వాళ్ళ నాన్న కూడా మంచి రోజు చూసే కొట్టు తెరిచాడట. బిల్లు మాత్రం ఏ రోజు అమ్మితే ఆ రోజు తేదీతోనే రాసేవాడట. ఆ మాట అతను ఎత్తిపొడవకుండానే అన్నాడు. నాకు మాత్రం తగలాల్సిన చోట తగిలింది. బాయిలరు రిజిస్టరు చూసి అధికారి సమాధానపడ్డాడని, రెండు కంటైనర్లకు రాయితీ ఇచ్చారని, పూజనాటి డ్రమ్మున్న మూడోదానికి సుంకం పడిందని చెప్పాడు. మిగతా పన్నెండూ పంపమన్నాడు, అసలు తేదీలతో.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మరుసటి ఏడు నుంచి పూజ యథాప్రకారం జరిగింది. ఆ డ్రమ్ముకు నంబరు వేయలేదు, కార్డు తెరవలేదు. ఆ గుజ్జును పనివాళ్ళంతా పంచుకుని తాండ్ర పోసుకున్నారు. ఒకటో నంబరు చీటీ కాయ మాగి గుజ్జయిన రోజున మొదటి లాటు మొదలయ్యేది. మేనేజరు ఆ పద్ధతిని బయటి ఫ్యాక్టరీలవాళ్ళకు తన ఆలోచనగా చెప్పుకునేవాడని విన్నాను. చెప్పుకోనివ్వండి. మీరు ఈ పనిలోకి వస్తే, మీ ఫ్యాక్టరీలోనూ ఇలాంటి తేదీ ఒకటి ఉంటుంది. అందరికీ తెలిసినదీ, ఎవరికీ హాని లేనిదీ, ఏళ్ళ తరబడి ఎవరూ అడగనిదీ. అడిగేవాడు సముద్రం అవతల నుంచి వచ్చేదాకా ఆగకండి.

శనివారం పదిన్నరకు గేటు తెరిచారు. టోకెను వరసలో మొదటి బండి ఆమెదే. నేను కాటా దగ్గరికి వెళ్ళాను. నా పని అక్కడ ఏమీ లేదు. ఆ పొద్దున ఆమె ఏరిన గోతాలు విడిగా తూచారు: నాలుగు క్వింటాళ్ళ ఇరవై కిలోలు. మూడు రోజులూ కలిపి ఏడు క్వింటాళ్ళ అరవై. మేనేజరును అడిగాను, మెత్తబడిన కాయ దించుకోవడానికి నిబంధన ఒప్పుకోదన్నాడు. నిబంధన నాకూ తెలుసు.

నాకు తెలిసిన ఇంకో లెక్క ఉంది. ఆ ఉత్తరం బుధవారమే రాసి ఉంటే జవాబు శుక్రవారం వచ్చేది. గేటు శుక్రవారం తెరిచేవారు. గురు, శుక్రవారాల కాయకు ఎవరెవరు బాధ్యులో పంచుకోవచ్చు. శనివారం పొద్దున ఏరిన కాయ మాత్రం, నేను ఆ పొందికైన పట్టిక గీస్తూ కూర్చున్న పగటిది. ఈ సంగతి ఆమెకు చెప్పాను. క్షమాపణ అనే మాట వాడలేదు. అంకె చెప్పాను.

ఆమె గోతాల మూతి కడుతూ విన్నది. “నాలుగు కింటాళ్ళూ మీ ఇంటికి తోలించేదా సార్? తాండ్ర పోసుకుందురు.”

కాటా గుమాస్తా నవ్వాపుకుంటూ పక్కకు తిరిగాడు. నేను జేబులోంచి డైరీ తీసి, కాటా గోడకు ఆనించి రాసుకోవడం మొదలుపెట్టాను.

“ఏం రాస్తా ఉండారు?”

చదివి వినిపించాను. ఆలస్యం వల్ల తీసివేసిన కాయ నాలుగు క్వింటాళ్ళ ఇరవై కిలోలు, కారణం నేను.

“తేదీ ఏసినారా?”

“వేశానమ్మా.”

“ఏ తేదీ?”

“ఈ రోజుదే.”

ఆమె తల ఊపి, ట్రాక్టరును కాటా మీదికి ఎక్కించమని డ్రైవరుకు చెయ్యి ఊపింది.